మన్నిక ఎవరిది?

ఏ వస్తువునైనా పది సంవత్సరాలు వాడినవాడు దానిని గురించి చెప్పే మాటకు విలువ ఉంటుంది. ఇరవై సంవత్సరాలు వాడినవాని మాటలో విలువతోపాటు మమకారం కూడ చేరుతుంది. ముప్పై సంవత్సరాలు వాడినవాని మాటలో ఏది విలువో, ఏది మమకారమో విడదీసి చూపడం అతనికే సాధ్యం కాదు. మోటారుసైకిళ్లను గురించి మన గోదావరి మండలాలలో జరిగే వాదోపవాదాలను విన్నప్పుడెల్ల నాకీ సంగతి గుర్తుకు వస్తూ ఉంటుంది.

రాజమహేంద్రవరం కానివ్వండి, కాకినాడ, భీమవరం, అమలాపురం కానివ్వండి, మెకానిక్ షెడ్డు పక్కన టీ దుకాణం ఉన్న ప్రతిచోటా ఈ వాదం ఉండి తీరుతుంది. ఒకరు బుల్లెట్ పక్షం. వేరొకరు హీరో హోండా పక్షం. తల నెరసిన పెద్దమనిషి ఎవరో జావా, యెజ్డీల తరఫున ఒక మాట వేస్తారు. పాలక్యాన్లు కట్టుకొని రాజ్‌దూత్ మీద ఊళ్లు తిరిగిన అనుభవం మరొకరిది. “మా నాన్నగారు కొన్న బండండీ ఇది. ఆయన వెళ్లిపోయారు గాని, బండి ఉందండి” అని ఒకరంటారు. “ఉండటం వేరు, నడవటం వేరండీ మాస్టారూ! నాది ఇరవై ఏళ్లుగా పొద్దున్నే ఒక్క కిక్కుకే లేస్తోంది. దాన్ని గురించి చెప్పుకోవడానికి నా దగ్గర కథలే లేవండి” అని మరొకరు బదులు చెబుతారు. టీ గ్లాసులు ఖాళీ అవుతాయి. వాదం మాత్రం తెగదు. మరునాడు మళ్లీ అక్కడే మొదలవుతుంది.

ఇది కేవలం కాలక్షేపపు చర్చ అని విద్యార్థి మిత్రులు తేలికగా తీసుకోరాదు. బస్సు వేళకు దొరకని ఊరి నుంచి కళాశాలకు వచ్చే కుమారునికి బండి కొనిపెట్టడమంటే ఆ తండ్రికి ఒక పంట డబ్బు, లేదా మూడు సంవత్సరాల వాయిదాలు. అంతటి నిర్ణయం తరచు ఇటువంటి టీ దుకాణపు తీర్పు మీదనే జరుగుతున్నది. తీర్పు తప్పితే నష్టపోయేది తీర్పు చెప్పినవారు కారు. వాయిదాలు కట్టే తండ్రి, పరీక్షనాడు దారిలో నిలిచిపోయే కొడుకు నష్టపోతారు. కనుక ఈ వాదాన్ని ఒకసారి శాంతంగా పరిశీలించడం అవసరమని నేను భావిస్తున్నాను.

నా అభిప్రాయాన్ని ముందుగానే మనవి చేస్తాను. ఈ వాదంలో ఉభయపక్షాలవారూ నిజమే చెబుతున్నారు. కాని ఒకే ప్రశ్నకు సమాధానం చెప్పడం లేదు. “బండి మంచిదేనా?” అనే ఒక్క మాటలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. దారిలో ఎన్నిసార్లు ఆగుతుంది? ఆగితే ఎంతలో బాగవుతుంది? మొత్తంమీద ఎన్ని సంవత్సరాలు మనుతుంది? ఈ మూడింటికీ కంపెనీ పేరు ఒక్కటే జవాబు కాజాలదు.

మొదట చరిత్ర కొంత చూద్దాం. బుల్లెట్ అనే పేరు 1932లో ఇంగ్లండులో పుట్టింది. దానిని తయారుచేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ రెడ్డిచ్ పట్టణానిది. తుపాకీ భాగాలు చేసిన పూర్వచరిత్ర ఆ సంస్థకు ఉండటంచేత, తమ బండి తుపాకీ వలె తయారైనదని వారు చాటుకొనేవారు. స్వాతంత్ర్యానంతరం సరిహద్దుల గస్తీ కోసం మన సైన్యం ఈ వాహనాన్ని ఎన్నుకొన్నది. 1955లో రెడ్డిచ్ సంస్థ మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పింది. ప్రారంభంలో ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను మద్రాసు సమీపాన తిరువొత్తియూరులో కూర్చేవారు. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారుకాసాగాయి. 1970ల ఆరంభానికి కన్నసంస్థ ఇంగ్లండులో మూతపడింది. బిడ్డ మాత్రం మద్రాసులో బతికి, 1977లో తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయింది. ఇంతటి వంశచరిత్ర ఉన్న వాహనం మీద అభిమానం పుట్టడంలో వింత లేదు.

అయితే ఆ ఇనుప సిలిండరు ఇంజను బండిని నడిపినవారికి దాని స్వభావం కూడ తెలుసు. ఎక్కడో ఒకచోట ఆయిలు చెమ్మ కనిపిస్తుంది. ప్లాటినం పాయింట్ల మధ్య ఎడం చూసుకోవాలి. టాపెట్లు సరిచేయించుకోవాలి. కిక్కు కొట్టే ముందు పిస్టను ఏ స్థితిలో ఉన్నదో గమనించకపోతే కాలికే దెబ్బ. ఈ లక్షణాలను అభిమానులు కూడ కాదనరు. వాటిని లోపాలనక, బండితో చనువు అని చెప్పుకొంటారు. యంత్రం సులువైనది గనుక విప్పడమూ సులువే, బిగించడమూ సులువే. నాలుగు పానాలు, ఒక సుత్తి ఉన్న మేస్త్రీ రోడ్డు పక్కన చెట్టు కింద కూడ బాగుచేయగలిగేవాడు.

1985లో హీరో హోండా వారి సీడీ 100 వచ్చింది. నూరు సి.సి.కి లోపే ఉన్న నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజను అది. పెట్రోలు పోసి, మూత పెట్టి, ఇక మరచిపొమ్మని వారి ప్రకటన. అంతవరకు బండి ఉన్నవాడు బండిని మరచిపోవడమనేది మన దేశంలో ఊహకందని సుఖం. రెండు స్ట్రోకుల బళ్లకు పెట్రోలులో ఆయిలు కలుపుకొని, ప్లగ్గు మసిని గీకుకొని అలవాటుపడిన జనానికి ఆ మాట వరం వలె వినిపించింది. బడిపంతుళ్లు, గుమాస్తాలు, బీమా ఏజెంట్లు ఆ బండిని ఆదరించారు. ఆ సంస్థ భాగస్వాములు 2010 చివరలో విడిపోవడానికి నిర్ణయించుకొన్నారు. 2011 నుంచి అది హీరో మోటోకార్ప్ అయింది. అయినా మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది నోట అది హీరో హోండాయే.

ఈ రెండు ప్రకటనలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది, ఎన్ని దెబ్బలు తగిలినా చెడదు అంటున్నది. రెండవది, నీవు దాని జోలికి పోనక్కరలేదు అంటున్నది. మొదటిది మన్నికను గురించిన మాట. రెండవది నిశ్చింతను గురించిన మాట. టీ దుకాణంలో ఒకరు మన్నికను పొగడుతుంటే, మరొకరు నిశ్చింతను పొగడుతున్నారు. వారి వాదం తెగకపోవడానికి ఇదే మూలకారణం.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది ఊహాలెక్క మాత్రమే. ఒకని బండి సంవత్సరానికి ఆరుసార్లు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ వీధిచివరి మేస్త్రీ అరగంటలో బాగుచేస్తాడు. అంటే ఏడాదికి మూడు గంటల నష్టం. వేరొకని బండి మూడు సంవత్సరాలకు ఒక్కసారే ఆగుతుంది. కాని విడిభాగం దూరపట్టణం నుంచి రావాలి, పన్నెండు రోజులు పడుతుంది. అంటే ఏడాదికి నాలుగు రోజుల నష్టం. ఈ రెంటిలో ఏది నమ్మదగినది? ఇంటి వద్ద పని ఉన్న పెద్దమనిషికి మొదటిది చాలు. రాత్రివిధికి ఆసుపత్రికి వెళ్లవలసిన నర్సుకు ఆ ఆరుసార్లలో ఒక్కసారి చీకటిలో కాలువగట్టు మీద ఆగినా ప్రమాదమే గనుక ఆమెకు రెండవది మేలు. ఇక రెండవ బండికి విడిభాగాలు తన ఊళ్లోనే దొరికితే ఎవరికైనా అదే మేలు. చూశారా! బండి మారకుండానే, మనిషినిబట్టి, ఊరినిబట్టి జవాబు మారిపోయింది.

దీర్ఘకాలపు యజమానుల సాక్ష్యంలో ఇంకొక చిక్కు ఉన్నది. మన కోనసీమలో పాత మండువా లోగిళ్లను చూపించి, ఆ రోజుల్లో ఇళ్లు ఎంత గట్టిగా కట్టేవారో అని మనం ఆశ్చర్యపోతాము. కాని ఆ రోజుల్లోనే కట్టిన ఎన్నో ఇళ్లు 1986 ఆగస్టు వరదలోనో, 1996 నవంబరు తుపానులోనో, అంతకు ముందరి ఈదురుగాలులలోనో నేలమట్టమయ్యాయి. అవి ఇప్పుడు లేవు గనుక సాక్ష్యం చెప్పలేవు. నిలిచిన ఇళ్లనే చూసి ఆ కాలపు ఇళ్లన్నీ గట్టివనడం తర్కం కాదు. అట్లే ముప్పై సంవత్సరాలుగా ఒకే బండి నడుపుతున్న పెద్దలు తమ బండి గట్టిదని చెబుతారు. అదే సంవత్సరం అదే బండి కొని, రెండేళ్లలో విసిగి అమ్ముకొన్నవారు ఆ టీ దుకాణంలో ఉండరు. వారు ఆ బండిని మరచిపోయి చాలాకాలమయింది. పైగా, ఎప్పుడూ ఆగని బండిని గురించి చెప్పుకోవడానికి కథలుండవు. పదిసార్లు ఆగి పదిసార్లు లేచిన బండికి పది కథలుంటాయి. కథలు ఎక్కువ ఉన్న పక్షమే సభలో గెలుస్తుంది.

మూడవ చిక్కు పేరు తెచ్చిపెట్టేది. ఒకే పేరు కింద ఒకే యంత్రం ఎల్లకాలం ఉండదు. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1994లో ఐషర్ సంస్థలో కలిసింది. 2000 ప్రాంతంలో మోటారుసైకిళ్ల వ్యాపారం కొనసాగించడమా, మానడమా అనే విచికిత్స యాజమాన్యానికి కలిగింది. యువకుడైన సిద్ధార్థ లాల్ ఆ బాధ్యతను స్వీకరించి నాణ్యతను చక్కదిద్దటానికి పూనుకొన్నారు. 2009లో క్లాసిక్ వచ్చింది. ఇనుప ఇంజను స్థానంలో ఇంజనూ గేరుపెట్టె ఒకే పెట్టెలో అమరిన అల్యూమినియం ఇంజను వచ్చింది. కుడికాలి గేరు ఎడమకాలికి మారింది. 2020లో మీటియర్‌తో మరొక కొత్త ఇంజను మొదలయింది. అది 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు సంక్రమించింది. కనుక 1978 నాటి బుల్లెట్ నడిపినవారి అనుభవం 2023 నాటి బుల్లెట్‌ను గురించి ఏమి చెప్పగలదు? తాతగారి ఆరోగ్యాన్నిబట్టి మనుమని ఆరోగ్యాన్ని నిర్ణయించడం వంటిదే అది.

పేరు నిలిచి యంత్రం మారడమే కాదు, పేరు పోయి మళ్లీ రావడం కూడ చూశాము. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. ఆ జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో వేరొక సంస్థ చేతిలో, వేరొక ఇంజనుతో పునర్జన్మ ఎత్తాయి. పాత జావాలోని సుగుణాలను కొత్తదానికి, పాతదానిలోని లోపాలను కొత్తదానికి అంటగట్టడం రెండూ అన్యాయమే.

పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ తగరపు డబ్బాలు అనే మాట కూడ నిలవదు. కొత్తవన్నీ నిర్దుష్టమనే మాటా నిలవదు. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన మోటారుసైకిళ్లను 2,36,966 వరకు పరీక్షకు వెనుకకు పిలిచింది. 2020 డిసెంబరు, 2021 ఏప్రిల్ నెలల మధ్య తయారైన కొన్ని బళ్లలో ఇగ్నిషన్ కాయిలులో దోషం ఉండే అవకాశం కనిపించడమే కారణం. అందులో భాగం మార్చవలసినవి పదింట ఒకటికంటే తక్కువే ఉండవచ్చునని సంస్థ తెలిపింది. దీనిని చూసి నవ్వినవారున్నారు. నా దృష్టిలో దోషాన్ని దాచిన సంస్థకన్న పిలిచి సరిచేసిన సంస్థ మెరుగు. దీనినిబట్టి గ్రహించవలసింది, అదే పేరు గల, అదే నమూనా బళ్లలో కూడ ఫలానా నెలలలో తయారైనవి ఒక తీరుగా, మిగిలినవి మరొక తీరుగా ఉండవచ్చునని. పేరు ఇవ్వలేని సమాచారాన్ని తయారీ నెల ఇవ్వగలదు.

ఇంతవరకు యంత్రాన్ని గురించి చెప్పాను. ఇక యజమానిని గురించి చెప్పాలి. ఇక్కడ నా సొంత కథ ఒకటి మనవి చేస్తాను. నా బండి ఏ కంపెనీదో చెప్పను. చెబితే చదువరులు నా మాటను విడిచి బండి పక్షం వహిస్తారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రావులపాలెం దాటి కొత్తపేట వైపు రోజూ వెళ్లివచ్చేవాడిని. ఒక శ్రావణమాసపు రాత్రి ముసురులో, కాలువగట్టు మీద చైను తెగింది. రెండు మైళ్లు బురదలో బండి నెట్టుకొంటూ వెళ్లాను. దారిపొడవునా ఆ కంపెనీవారిని మనసులో తిట్టుకొంటూనే ఉన్నాను. షెడ్డు మూయబోతున్న మెకానిక్ భాయ్ లాంతరు ఎత్తి చైను వైపు చూశాడు. “నూనె ఎప్పుడు వేశారండీ మాస్టారూ దీనికి?” అని అడిగాడు. నేను జ్ఞాపకం చేసుకోబోయి, చేసుకోలేకపోయాను. అతడు నవ్వి, “కాలేజీలో పిల్లలకి హాజరు రోజూ వేస్తారు గదండీ! బండికి నెలకోసారైనా వెయ్యొద్దా అండీ?” అన్నాడు. ఆ మాట నాకు చైనుకంటె గట్టిగా తగిలింది.

ఆ రాత్రి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, చేయించిన పని, ఖర్చు, ఆగితే ఎక్కడ ఎందుకు ఆగిందీ రాస్తూ వచ్చాను. కొన్ని సంవత్సరాల తరువాత ఆ పుస్తకం తిరగవేస్తే, నేను కంపెనీకి అంటగట్టిన తప్పులలో సగానికి మించి నావేనని తేలింది. ఆయిలు మార్చవలసిన కాలం దాటబెట్టినవి, ఎయిర్ ఫిల్టరు మరచినవి, చవకగా వస్తుందని నకిలీ భాగం వేయించినవి. మిగిలినవి నిజంగా బండి తప్పులే. పుస్తకం లేకపోతే ఈ రెంటినీ నేనెన్నటికీ వేరుచేయగలిగేవాడిని కాను.

డెల్టాలో బండిని ఉంచుకొన్నవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ తీరాల ఉప్పుగాలి చువ్వలను, సైలెన్సరును తొలిచివేస్తుంది. నల్లరేగడి బురద ఆరిన తరువాత చైను సందులలో సిమెంటు వలె బిగుసుకొంటుంది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య పంటు మీద బండి దాటించినవారికి ఉప్పునీటి తుంపర ఎటువంటిదో తెలుసు. యానాం, ఎదుర్లంకల మధ్య 2002లో వంతెన వచ్చేవరకు గౌతమిని అట్లాగే దాటేవారము. వరదనీటిలో మునిగిన బండిని నీరు తోడకుండా, ఆయిలు మార్చకుండా స్టార్టు చేస్తే ఏ కంపెనీ ఇంజనైనా దెబ్బతింటుంది. ఎండుదారుల మీద ఇరవై ఏళ్లు నడిచిన బండి కథ విని, అదే మన్నిక ఇక్కడా ఆశించడం పొరపాటు.

నిజానికి మన్నిక అనేదాని రహస్యం మన గోదావరి వాసులకు ఇంకెవరికన్నా బాగా తెలియాలి. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. కాటన్ దొర కట్టించినది గనుక నూరేళ్లకు పైగా నిలిచిందని మనమంటాము. ఆయన ప్రతిభకు నమస్కరించవలసిందే. కాని ఆ ఆనకట్ట పలుమార్లు దెబ్బతిన్నది. పలుమార్లు మరమ్మతులు జరిగాయి. ఎత్తు పెంచారు. కడకు 1982 నాటికి దాని స్థానంలో కొత్త బ్యారేజీ పూర్తయింది. ప్రతి వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, లాకులు, తూములు బాగుచేసుకొనే ఆచారం ఈనేలకు ఉన్నది. ఆ నెలల్లో కాలువ ఎండిందని ఎవరూ ఆనకట్టను నిందించరు. మరమ్మతు లేనిదే నీరు లేదని మనకు తెలుసు. ఆ తెలివి కాలువ విషయంలో ఉండి, బండి విషయంలో లేకపోవడం విచారకరం.

ఈ మాటలను సాకుగా తీసుకొని తయారీదారులు తమ బాధ్యత తప్పించుకోరాదు. “మీరు సరిగా వాడలేదు” అనే మాట వెనుక కంపెనీలు, అమ్మకందారులు దాగుకొనడం మనం చూడనిది కాదు. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం లోపభూయిష్టమైన వస్తువువల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యుడని స్పష్టం చేసింది. అదే సంవత్సరం సవరించిన మోటారు వాహనాల చట్టం దోషం గల వాహనాలను వెనుకకు పిలిపించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఈ చట్టాలు మేలుచేసేది సాక్ష్యం ఉన్నవానికి. రసీదులు దాచి, తేదీలు రాసుకొన్న యజమాని మాటను తోసిపుచ్చడం ఎవరికీ సులభం కాదు. మా బండి ఎప్పుడూ ఇంతే అని గొంతెత్తేవాని మాటను తోసిపుచ్చడం చాలా సులభం. నేను చెప్పిన నోటుపుస్తకం యజమానిని దోషిని చేయడానికి కాదు. దోషం ఎవరిదో తేల్చడానికి.

ఇంతకన్న తీవ్రమైన మార్పు ఒకటి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కార్బరేటరు పోయి ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిన చిమ్మే అమరిక చాలా బళ్లలో చేరింది. గాలికి మంచిదే. దారిలో ఆగడం కూడ తగ్గింది. కాని ఆగినప్పుడు దోషమేదో చెప్పడానికి చెవి చాలదు, యంత్రం కావాలి. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగల మన మేస్త్రీల విద్యకు ఇది పెద్ద పరీక్ష. మన పాత బళ్లు ముప్పై ఏళ్లు నడిచాయంటే అందులో సగం పుణ్యం ఈ షెడ్లలోని చేతులది. కంపెనీ పేరు ట్యాంకు మీద ఉంటుంది. ఆ చేతుల పేరు ఎక్కడా ఉండదు. మన విద్యార్థులలో కొందరు ఆ షెడ్ల నుంచి వచ్చినవారే. తండ్రి మసిచేతులను చూసి సిగ్గుపడే కొడుకు, ఆ చేతులలో ఉన్న విద్యకు ఎలక్ట్రానిక్ విద్యను జోడించగలిగితే ఆ షెడ్డు నిలుస్తుంది. లేకపోతే పాతబళ్లతోపాటు అదీ మూతపడుతుంది.

అందుచేత కళాశాల కమిటీవారికి రెండు మనవులు. మొదటిది, వాహనాలపై వచ్చే ప్రతి విద్యార్థి, అధ్యాపకుడు ఒక నోటుపుస్తకం పెట్టాలి. సంవత్సరాంతమున గణితం, వాణిజ్యం చదివే విద్యార్థులు ఆ పుస్తకాలను క్రోడీకరించి, ఏ నమూనా, ఏ సంవత్సరపు బండి మన దారులలో ఎట్లా నడిచిందో ఒక పట్టిక వేయాలి. దానిని ఈ పత్రికలోనే ప్రచురించవచ్చును. యజమాని పొరపాటువల్ల ఆగినవాటిని వేరుగా, యంత్రదోషంవల్ల ఆగినవాటిని వేరుగా చూపాలి. అమ్ముకొన్న బళ్లను కూడ లెక్కలో చేర్చాలి. లేకపోతే మళ్లీ మండువా లోగిళ్ల తర్కమే అవుతుంది. పది సంవత్సరాలు ఇట్లా చేస్తే, టీ దుకాణంలో లేని ఒక సాక్ష్యం మన గ్రంథాలయంలో ఉంటుంది.

రెండవది, ఏటా వానలు రాకముందు, కాలువలు కట్టేసిన రోజులలోనే, ఒక పూట పట్టణంలోని మెకానిక్‌లను గౌరవంగా ఆహ్వానించి విద్యార్థులకు చైను, ప్లగ్గు, బ్రేకులు, టైర్ల గాలి పరీక్షించుకొనే పద్ధతి నేర్పించాలి. వేదిక మీద వారికి కుర్చీ వేయాలి. వచ్చినందుకు తగిన రుసుము ఇవ్వాలి. బ్రేకులను గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. దారిలో ఆగిపోయే బండి ఇబ్బంది పెడుతుంది. ఆగవలసినచోట ఆగని బండి ప్రాణం తీస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. పైబడిన బళ్లకు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే బ్రేకుల అమరిక తప్పనిసరి అయింది. మన పాత బళ్లలో ఆ అమరిక లేదు. తాతగారి బండి మీద ప్రేమ ఉన్నవారు ఆ సంగతి మరువరాదు. వేగం తగ్గించుకొని, తలకు హెల్మెట్ పెట్టుకొని నడపాలి.

మన పత్రికలో కుడివైపు నుంచి చదివే పుటలు, ఎడమవైపు నుంచి చదివే పుటలు ఒకే కుట్టుతో బంధింపబడి ఉంటాయి. హాజరు, రసీదు, ఖరీదు, మరమ్మతు అనే మాటలు ఆ పుటల మార్గాన మన తెలుగులోకి వచ్చి స్థిరపడినవి. మన్నిక అచ్చ తెలుగు మాట. మనుట అంటే జీవించుట. మరమ్మతు అక్కడి మాట, మన్నిక ఇక్కడి మాట. ఒకటి లేనిదే రెండవది లేదని ఆ మెకానిక్ భాయ్ నాకు ఆ ముసురు రాత్రి నేర్పాడు.

ఇకమీదట ఎవరైనా మిమ్ములను “ఏ కంపెనీ బండి మంచిదండీ?” అని అడిగితే, వెంటనే పేరు చెప్పకండి. ఏ సంవత్సరానిదో, ఏ దారిలో నడుస్తుందో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, మేస్త్రీ ఎంత దూరంలో ఉన్నాడో అడగండి. చివరగా, చైనుకు నూనె ఎవరు వేస్తారో కూడ అడగండి. ఆ ప్రశ్నలకు జవాబులు దొరికిన తరువాత పేరు చెప్పవలసిన అవసరం అంతగా ఉండదు.